బైపీసీ పిల్లలకు వారానికి రెండు గంటలు ఇవ్వండి



పోయిన వర్షాకాలంలో మా జ్వరాల వార్డులో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదివే ఒక బాబు చేరాడు. డెంగీ జ్వరం. ప్లేట్‌లెట్లు తగ్గాయి, సెలైన్ ఎక్కుతోంది. పక్కన స్టూలు మీద వాళ్ళ అమ్మగారు, ఆమె ఒళ్ళో కొడుకు జువాలజీ పుస్తకం. "నీట్ దగ్గరికొస్తోంది సిస్టర్, కాస్త ఓపిక రాగానే చదువుకుంటాడని తెచ్చాను" అన్నారు. ఆ తల్లిని మేము తప్పు పట్టలేదు. ఈ రోజుల్లో పిల్లవాడిని బైపీసీలో చేర్చిన ఏ ఇంట్లోనైనా అదే ఆదుర్దా.

ఐదారు రోజులకు గండం గడిచింది. రౌండుకు వెళ్ళినప్పుడు "ఏం చదువుతున్నావు నాన్నా?" అని అడిగాం. ప్లాస్మోడియం జీవితచక్రం అన్నాడు. స్పోరోజాయిట్లు, కాలేయం, ఎర్ర రక్తకణాల్లో గాల్జీ చక్రం, దోమ కడుపులో రాస్ చక్రం, అన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు. మాకు ముచ్చటేసింది.

"దోమ లార్వాను ఎప్పుడైనా చూశావా?"

"బొమ్మలో చూశాను సిస్టర్."

"మీ హాస్టల్లో నీళ్ళు నిలిచే చోటు ఏదైనా ఉందా?"

కాసేపు ఆలోచించాడు. మేడ మీద మూతలేని ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉందట. అందులో ఎప్పుడూ చిన్న చిన్న పురుగులు గిరికీలు కొడుతుంటాయట. "అవి నీళ్ళ పురుగులు అనుకున్నాం సిస్టర్" అన్నాడు.

అతన్ని కుట్టిన దోమ ఆ డ్రమ్ములోదే అని మేము చెప్పలేం. కానీ దోమ గురించి నాలుగు పేజీలు తప్పులేకుండా రాయగల పిల్లవాడు తన తల మీద, మేడ మీద పెరుగుతున్న దోమను గుర్తుపట్టలేకపోయాడు. ఆ మాట మా నర్సులందరినీ ఆలోచనలో పడేసింది.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. అతనికి నిజమైన లార్వాను చూపిద్దామని, "మన ఆసుపత్రిలో ఎక్కడుంటాయిలే, బయట ఎక్కడైనా వెతకాలి" అనుకున్నాం. మా ఆయా ఐదు నిమిషాల్లో గాజు గ్లాసు నిండా తెచ్చింది. ఓపీ మెట్ల దగ్గర క్రోటన్ కుండీల కింద పళ్ళేల్లోవి! ఆ సాయంత్రమే పళ్ళేలన్నీ తీయించాం. ఇప్పుడు కుండీలు నేల మీదే ఉన్నాయి, మీరు వచ్చినప్పుడు చూడవచ్చు.

గ్లాసును కిటికీ వెలుగులో పట్టుకుని ఆ బాబు చాలాసేపు చూశాడు. లార్వాలు తలకిందులుగా, ఏటవాలుగా వేలాడుతున్నాయి. తోక దగ్గర చిన్న గొట్టం నీటి పైపొరను తాకుతోంది. గాలి పీల్చేది దానితోనే. మలేరియా తెచ్చే అనాఫిలిస్ లార్వాకు ఈ గొట్టం ఉండదు, అది నీటి పైపొరకు సమాంతరంగా, చాప పరిచినట్టు పడుకుంటుంది. ఈ తేడా అతని పుస్తకంలోనూ ఉంది. "ఇదేనా సిస్టర్ అది!" అని అతను అన్నప్పుడు ఆ ముఖంలో కనిపించిన వెలుగు జీవితచక్రం అప్పజెప్పినప్పుడు లేదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లలకు, ముఖ్యంగా డాక్టరో నర్సో కావాలనుకునే పిల్లలకు, తరగతి గది బయట జీవశాస్త్రాన్ని కళ్ళతో చూసే సమయం ఇవ్వండి. వారానికి రెండు గంటలు చాలు.

మా వృత్తి వైపు నుంచి ఎందుకో చెబుతాం. మేము డిప్లొమా చదివిన రోజుల్లో మా ట్యూటరమ్మ ఒక అలవాటు చేయించారు. కేస్ షీటు తెరవకముందు మంచం కాళ్ళ దగ్గర పది నిమిషాలు నిలబడి, చూసింది మాత్రమే కాగితం మీద రాయాలి. ఊపిరి ఎలా తీస్తున్నారు, పెదవుల రంగు ఏమిటి, ఏ పక్కకు తిరిగి పడుకున్నారు, పళ్ళెంలో అన్నం ఎంత మిగిలింది. జబ్బు పేరు రాస్తే సున్నా! "పేరు తర్వాత, ముందు చూడండి" అనేవారు. అప్పట్లో విసుక్కున్నాం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో రోగిని గమనించడం గురించే ఒక అధ్యాయం ఉందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు మా దగ్గరకు వచ్చే కొత్త పిల్లలు తెలివైనవారు, మాకంటే ఎక్కువ తెలిసినవారు. కానీ మంచం దగ్గర నిలబెడితే చూపు మానిటర్ వైపు పోతుంది. డెంగీ రోగికి జ్వరం తగ్గగానే "సార్, ఇంప్రూవ్ అయ్యాడు" అని రాసేస్తారు. నిజానికి జ్వరం దిగే ఆ ఒకటి రెండు రోజులే ప్రమాదం. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు, మందకొడితనం, మూత్రం తగ్గడం ఇవన్నీ మానిటర్ కంటే ముందు కంటికే కనబడతాయి. ఈ చూపు మూడేళ్ళ నర్సింగ్‌లో హఠాత్తుగా రాదు. పదిహేను, పదహారేళ్ళ వయసులో ఒక చెట్టునో, పిట్టనో, గ్లాసులో పురుగునో ఓపికగా చూసిన పిల్లలకు త్వరగా వస్తుంది. ఇది మా అనుభవం.

రాస్ చక్రం అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో బైపీసీ పిల్లలను అడగండి. చాలామంది రోనాల్డ్ రాస్ పేరు చెబుతారు, 1902 నోబెల్ బహుమతి అని కూడా చెబుతారు. అది మన ఊరి కథ అని మాత్రం కొద్దిమందికే తెలుసు.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు మనిషి రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పోతుందో ఎవరికీ తెలియదు. రాస్ కీటక శాస్త్రజ్ఞుడు కాదు, సైన్యంలో వైద్యుడు. దోమల శాస్త్రీయ నామాలు ఆయనకు రావు. చూసి తానే పేర్లు పెట్టుకున్నాడు, గోధుమ రంగు దోమ, చారల దోమ, రెక్కల మీద మచ్చల దోమ అని. రెండేళ్ళపాటు తప్పు దోమలనే కోశాడు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో, బేగంపేటలో, మచ్చల రెక్కల దోమలను లార్వాల నుంచి పెంచి, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా లెక్కన ఆ రోగికి ఇచ్చాడు. ఉక్కపోతలోనూ పంకా వేసుకోలేదు, వేస్తే దోమలు ఎగిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, కళ్ళ దగ్గరి కటకం పగిలి ఉంది. ఆగస్టు 20న దోమ కడుపు గోడ మీద, అక్కడ ఉండకూడని గుండ్రటి కణాలను, వాటిలో మలేరియా నల్ల రేణువులను చూశాడు. ఇప్పుడు ఆ తేదీనే ప్రపంచ దోమల దినం అంటున్నారు.

ఈ కథలో మా మనసుకు పట్టేది నోబెల్ కాదు, తప్పు దోమలను కోసిన ఆ రెండేళ్ళు. ఏ గైడులోనూ జవాబు లేని రోజుల్లో ఆయన చూడటం ఆపలేదు. హుస్సేన్ ఖాన్ పేరు కూడా పిల్లలకు చెప్పాలని మా అభిప్రాయం. రోగి ఒంటిని అప్పగించకపోతే ఏ వైద్యుడూ ఏదీ కనిపెట్టలేడు.

ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. మన నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి అసలు పేరులో కూడా రాస్ ఉన్నాడు. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే ఎక్కడా రైలు మారకుండా బేగంపేటలో దిగవచ్చు. ఆ నీలి లైన్ మీదే ఇంకొంచెం ముందుకు వెళ్తే తార్నాక వస్తుంది. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ, అందులో పోషకాహార మ్యూజియం ఉన్నాయి. మన అంగన్‌వాడీల్లో, మా టీకాల గదిలో పిల్లలకు వేసే విటమిన్ ఏ చుక్కలు ఉన్నాయి కదా, అంధత్వాన్ని ఆపే ఆ జాతీయ కార్యక్రమం 1970లో మొదలవడానికి ఆధారం ఈ సంస్థ పరిశోధనలే. పక్క స్టేషన్ హబ్సిగూడ, అక్కడ సీసీఎంబీ. సెప్టెంబరు నెలాఖరులో వారు ఓపెన్ డే జరిపినప్పుడు విద్యార్థులను లోపలికి రానిస్తారు, శాస్త్రవేత్తలే దగ్గర నిలబడి చూపిస్తారు. వారి అత్తాపూర్ కేంద్రంలోనే 2006లో కృత్రిమ గర్భధారణతో ఒక చుక్కల జింక పిల్ల పుట్టింది. వెళ్ళేముందు ఎక్కడికైనా ఫోన్ చేసి వేళలు కనుక్కోండి.

అంత దూరం కూడా అక్కర్లేదు. గచ్చిబౌలి వెళ్ళే దారిలో బయోడైవర్సిటీ జంక్షన్ ఉంది కదా. సిగ్నల్ దగ్గర మనందరం విసుక్కునే చోటు. 2012 అక్టోబరు 8 నుంచి 19 వరకు హైటెక్ సిటీ పక్కన హెచ్‌ఐసీసీలో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు జరిగింది, ప్రపంచ దేశాల ప్రతినిధులు వచ్చారు. ఆ సందర్భంగా పెట్టిన పార్కు పేరే కూడలికి అంటుకుంది. కాలేజీ బస్సుల్లో మన పిల్లలు రోజూ ఆ పేరు కిందుగా పోతూ, జీవవైవిధ్యం నిర్వచనం బట్టీ పడుతుంటారు!

కొత్తగూడ దగ్గర బొటానికల్ గార్డెన్ ఉంది. రెండు వందల ఎకరాలకు పైగా అడవి, అందులో ఔషధ మొక్కలు, వెదురు, తాటి జాతులకు వేర్వేరు వనాలు. మియాపూర్ దాటితే అమీన్‌పూర్ చెరువు. దాన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. మన దేశంలో ఒక నగర ప్రాంతపు చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. చలికాలం ఉదయం అక్కడ నిలబడితే నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకోవడం, లకుముకి పిట్ట రాయిలా నీళ్ళలోకి దూకడం కనిపిస్తాయి. దుర్గం చెరువు ఇంకా దగ్గర. తీగల వంతెన మీద సెల్ఫీలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఐదు నిమిషాలు కిందికి కూడా చూడండి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో మీరు టీవీల్లో చూసే ఉంటారు. చెట్ల నరికివేతను ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. ఎవరి పక్షం న్యాయమో చెప్పడం మా పని కాదు. కానీ అక్కడ ఏ పక్షులు, ఏ జంతువులు ఉన్నాయని ప్రశ్న వచ్చినప్పుడు, విద్యార్థులు, పక్షి ప్రేమికులు ఏళ్ళ తరబడి నడిచి, చూసి, తేదీ వేసి రాసుకున్న జాబితాలు అక్కరకు వచ్చాయి. చూసి రాసి పెట్టుకున్నవాళ్ళ దగ్గరే జవాబు ఉంది.

ఇక తల్లిదండ్రుల మాట. "సిస్టర్, పొద్దున ఆరింటికి మొదలైతే రాత్రి తొమ్మిదింటిదాకా క్లాసులే, టైము ఎక్కడుంది?" అంటారు. ఒప్పుకుంటాం. నీట్‌లో 720 మార్కులకు జీవశాస్త్రమే 360. చెరువు దగ్గర పిట్టలు చూస్తే ఆ 360లో ఒక్క మార్కు పెరుగుతుందని మేము హామీ ఇవ్వం, ఇస్తే అబద్ధం అవుతుంది. అయితే ఇదే ఇళ్ళలో ప్రాక్టికల్ రికార్డులో బొమ్మలు డబ్బులిచ్చి గీయించడం మాకు తెలుసు. పోయిన సంవత్సరం వాళ్ళ రికార్డు చూసి ఈ సంవత్సరం వాళ్ళు దించడం తెలుసు. ఉల్లిపొర సూక్ష్మదర్శినిలో చూడకుండానే ఉల్లిపొర బొమ్మకు రంగులు వేస్తారు. పిల్లవాడు చేయవలసిన ఆ కొద్దిపాటి చూపు కూడా డబ్బిచ్చి తీసేస్తున్నాం. ఈ విషయంలో మాకు కోపమే ఉంది, దాచుకోవడం లేదు.

ఏం చేయాలి అని అడిగేవారికి కొన్ని చిన్న పనులు. మీ అపార్టుమెంటులోనో, చర్చి ఆవరణలోనో ఒక వేపచెట్టునో కానుగ చెట్టునో ఎంచుకుని వారానికోసారి చూసి రాయమనండి. లేత చిగురు ఎప్పుడు, పూత ఎప్పుడు, ఆకు రాలడం ఎప్పుడు. సీజన్‌వాచ్ పేరుతో దేశమంతటా విద్యార్థులు ఇలా చెట్లను నమోదు చేస్తున్నారు, మీ వాళ్ళూ చేరవచ్చు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలబడి చూసినవి ఈబర్డ్‌లో పంపాలి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి అని ఒక మార్కు జవాబు రాసే పిల్లలు నిజం పాలపిట్టను కరెంటు తీగ మీద చూసి గుర్తుపట్టగలరా? అడిగి చూడండి. మన భారతీయుడే అయిన మను ప్రకాశ్ అమెరికాలో తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శిని ఉంది, జేబులో పడుతుంది. దానితో కుండీ నీటిచుక్క చూస్తే సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు.

దోమను పెంచి చూడాలనుకుంటే గాజు సీసాలో నాలుగైదు లార్వాలు వేసి, మూతికి రెండు మడతల గాజుగుడ్డ గట్టిగా కట్టండి. మన ఎండలకు గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కామా ఆకారంలో ప్యూపా అయ్యాక రెండు రోజుల్లో దోమ వస్తుంది. కాళ్ళ మీద తెల్ల చారలుంటే ఏడిస్, పగటిపూట కుట్టేది, డెంగీ తెచ్చేది. చూడటం అయ్యాక గుడ్డ విప్పకుండా సబ్బునీళ్ళు పోయండి. ఇంకొకటి, ఏడిస్ గుడ్లు తడి ఆరినా నెలల తరబడి బతికే ఉంటాయి, పాత్ర గోడలకు అంటుకుని. కనుక డ్రమ్మును ఒట్టినే ఒంపితే చాలదు, లోపల పీచుతో రుద్ది ఆరబెట్టాలి. వారానికి ఒక డ్రై డే ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా.

నర్సులం కాబట్టి జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేం. చెరువు నీళ్ళలో దిగవద్దు, మురుగు కలుస్తుంది. చేతికి పుండు ఉంటే ఆ నీటిని తాకవద్దు. పాము కనిపిస్తే దూరం నుంచే. కుక్కపిల్ల ఎంత ముద్దుగా ఉన్నా గీరితే 15 నిమిషాలు సబ్బుతో కడిగి అదే రోజు టీకాకు రండి. ఆడపిల్లలను ఒంటరిగా పంపడానికి భయపడే తల్లులు తామే వెంట వెళ్ళండి, మీకూ నడక అవుతుంది.

మా ల్యాబులో పాత మలేరియా స్లైడ్లు రెండు మూడు భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు మా దగ్గర మలేరియా కేసులు అరుదు, అందుకే టెక్నీషియన్ గారు వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వరు. సంఘంలోని పిల్లలు ఐదారుగురు కలిసి, ముందుగా చెప్పి, శనివారం మధ్యాహ్నం వస్తే వారే దగ్గరుండి చూపిస్తామన్నారు. పుస్తకంలో గులాబి, నీలం రంగుల్లో అచ్చేసిన ఉంగరం ఆకారం కటకంలో ఎంత చిన్నగా ఉంటుందో చూడండి. మొదటిసారి ఎవరికీ కనబడదు. మాకూ కనబడలేదు.

ఆ బాబు రెండు వారాల తర్వాత రక్తపరీక్షకు వచ్చాడు. ప్లేట్‌లెట్లు మామూలుకు వచ్చాయి. సంచిలోంచి గుడ్డ కట్టిన జామ్ సీసా తీశాడు, అందులో మూడు లార్వాలు. ఏది ఏడిస్, ఏది క్యూలెక్స్ అని అడిగాడు. గొట్టం ఉంది కనుక అనాఫిలిస్ కాదని చెప్పగలిగాం, మిగతా తేడా మాకు చప్పున తోచలేదు. ల్యాబు వారిని పిలిపిస్తే, పొట్టి లావు గొట్టం ఏడిస్‌ది, పొడుగు సన్న గొట్టం క్యూలెక్స్‌ది అని చూపించారు. అతను నోటు పుస్తకంలో రాసుకున్నాడు, తేదీ, వేళ వేసి మరీ. హాస్టల్ మేడ మీది డ్రమ్ము సంగతి అడిగాం.

"బోర్లించాం సిస్టర్. ఎవరో మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ బోర్లిస్తాం" అన్నాడు.